కొమురవ్వ వాళ్ల అక్క

మా ఎదురింటి అవ్వ పోయిన నెల ఒక మంగళవారం పొద్దున చనిపోయింది. ఆ సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. మా సాహిత్య మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో కనిపించింది. చుట్టూ పూలు, కింద రెండు దీపాలు, "చరిత్రకు సజీవ సాక్షి ఇక లేరు" అనే వాక్యం. అవ్వ ఆ మాట వింటే "సచ్చినంక సజీవం ఎట్లయితదే పంతులమ్మా" అని నన్ను నిలదీసేది. అప్పుడు నేను వేరే ఊళ్లో రెండు రోజుల సదస్సులో ఉన్నాను. సదస్సు దేని మీదో చెప్తే మీకు నవ్వొస్తుంది. జరిగిన ఘోరాల్ని కథల్లో ఎట్లా చెప్పాలి అన్నదాని మీద. నా పత్రం చదివేసి, చప్పట్లు కొట్టించుకుని, చాయ్ తాగుతూ ఫోన్ తెరిచాను.

మీలో కొందరు నా నవల చదివి ఉంటారు. నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో, కేసముద్రం అవతల ఒక ఊరిని దొర మనుషులు తగలబెట్టిన కథ. చివరి అధ్యాయంలో లచ్చవ్వ అనే పిల్ల, మంటల్లో చిక్కిన పసిపాప కోసం ఇంట్లోకి తిరిగి పరుగెత్తి కాలిపోతుంది. అది చదివిన రోజు అన్నం సయించలేదని ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. ముందుగా వాళ్లకే చెప్పాలి. ఆ ఇంట్లో పసిపాప లేదు. తిరిగి పరుగెత్తింది లచ్చవ్వ కాదు. పరుగెత్తిన పిల్ల పేరు కొమురవ్వ, మా అవ్వకు సొంత చెల్లెలు. ఆ పేరు నవలలో ఎక్కడా లేదు, నేనే తీసేశాను. ఎందుకు తీశానో, దాంతో ఏమైందో చెప్పకుండా అవ్వను తలుచుకునే అర్హత నాకు లేదు.

ముప్పై ఏళ్ల కింద కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చి, మట్టెవాడలో ఒక గదిలో అద్దెకు దిగాను. ఎదురిల్లు అవ్వది. భర్త మగ్గం నేసేవాడట, అప్పటికే లేడు. అవ్వ ఇంటి ముందు కూర్చుని రాట్నం మీద కూలికి కండెలు చుట్టేది, అంటే మగ్గం నాడెలో పెట్టే నూలు చుట్టలు. గల్లీలో ఎవరు కనబడ్డా ఆమె అడిగే మొదటి మాట "ఇయ్యాల ఏం కూర?" బాగున్నావా అని అడగడం ఆమెకు తెలియదు. పెళ్లివాళ్లనూ అదే అడిగేది, చావింటివాళ్లనూ అదే అడిగేది.

నోరు చాలా చెడ్డది. ఒకసారి గల్లీలో ఒకాయన చనిపోతే ఆయన చెల్లెలు దూరం నుంచి వచ్చి, మాట మీద మాట కట్టి, రాగం తీసి ఏడుస్తోంది. వినేవాళ్లందరి కళ్లూ చెమ్మగిల్లాయి, నావి కూడా. అవ్వ మాత్రం గడప దగ్గర నిలబడి, "రాగం మంచిగనే ఉన్నది గని, ముందుగాల ఆయన కాళ్లు సక్కగ వెట్టుండ్రి, బిగుసుకపోతాన్నయ్" అంది. జనం ఆమెను తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నాను. అది నాకు దొరికిన మొదటి సాహిత్య పాఠమని అప్పట్లో తెలియలేదు.

ఊరు కాలిన సంగతి ఆమె నాకు చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది. నేను కథలు రాస్తానని తెలిశాక ఒక మధ్యాహ్నం తనే పిలిచి కూర్చోబెట్టింది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టారన్నది ఆ ఊరి నేరం. దొర మనుషులు తుపాకులవాళ్లను వెంటేసుకుని వచ్చారు. ఇంతవరకు ఎవరైనా ఇట్లాగే చెప్తారు. తర్వాత అవ్వ చెప్పిన తీరు మాత్రం నేను ఇంకెక్కడా వినలేదు. తూర్పు నుంచి పడమటికి ఇల్లు ఇల్లూ తిరిగినట్టు చెప్పింది.

"మొదాలు ఎంకయ్య ఇల్లు. పొయ్యి మీద జొన్నగటుక. ఆయన, పెండ్లాం, ముసలితల్లి. ముగ్గురు పోయిండ్రు. దాని పక్కిల్లు మల్లయ్యది. పుంటికూర తెంపి పెట్టుకున్నరు, ఇంక పొయ్యి మీద ఎయ్యలే. మల్లయ్య ఒక్కడే పోయిండు. ఆయెనక లచ్చవ్వోళ్లది. ఆమె నీళ్లకు పోయింది. బాయికాడ్నే కాల్చిండ్రు, బిందె సుత పగిలింది. ఆల్ల ఇంట్ల రాత్రి మిగిలిన అనపకాయ కూర."

ఏ ఇంట్లో ఏం కూరో చెప్పి, ఆ తర్వాత ఎవరు పోయారో చెప్పేది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. తమ ఇంటి దగ్గరికి వచ్చేసరికి రాట్నం తిప్పుతూనే చెప్పింది. తల్లి లేదు. తండ్రి దొర గడీలో వెట్టికి పోయాడు. తనకు పద్నాలుగేళ్లు, చెల్లెకు పదకొండో పన్నెండో. ఇద్దరూ చింతపండు పులుసుకు ఉప్పు లేదని కొట్లాడుకుంటున్నారు. కప్పు అంటుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ బయటపడి జొన్నచేను దాకా ఉరికారు. అక్కడి నుంచి కొమురవ్వ వెనక్కి పోయింది.

"ఎందుకు పోయింది అవ్వా?"

"నూలు కోసం."

మగ్గం మీద ఉన్నది దొర బిడ్డ పెండ్లి చీరల నూలు. అంతకు నెల ముందే, ఒక చిలప నూలు తక్కువైందని వాళ్ల నాయనను గడీలో ఎండలో వంగబెట్టి వీపు మీద బండ ఎత్తారు. నూలు కాలిపోతే మళ్లీ నాయన వీపు మీదికి బండ వస్తుందని కొమురవ్వ భయం. మంటల్లోకి పోయింది, రాలేదు.

నేను ఆ రోజే నోట్‌బుక్ తీశాను. అవ్వ చెప్తుంటే నా కళ్ల ముందు నవల కనబడింది. నిజం చెప్పాలంటే ఏడవాల్సిన చోట సంబరపడ్డాను. ఎంత మంచి కథ దొరికింది అనుకున్నాను. రాసేవాళ్లలో ఈ రాక్షసత్వం ఉంటుంది. నాలో కొంచెం ఎక్కువే ఉంది.

అధ్యాయం రాసినప్పుడల్లా పోయి అవ్వకు చదివి వినిపించేదాన్ని. ఆమె నా మొహం చూసేది కాదు, నాకు వీపు పెట్టి కండెలు చుట్టేది. అబద్ధం తగిలితే రాట్నం ఆగేది. చంద్రుడు మబ్బుచాటున మొహం దాచుకున్నాడని రాస్తే ఆగింది. "పొద్దుగాల తొమ్మిదింటికి సందమామ ఏడికెళ్లి వచ్చిండు?" వాగు ఎర్రగా పారిందని రాస్తే ఆగింది. "వాగుల నీళ్లే లేకుండె బిడ్డా." తుపాకులవాళ్ల కళ్లు నిప్పు కణికల్లా మండాయని రాస్తే చాలాసేపు ఆగింది.

"అట్ల లేవు. ఒకడు పండ్ల పుల్ల నములుకుంట నిలవడ్డడు. ఆవులిచ్చిండు. నాకు గుర్తున్నది, నోట్ల ఎనక పండ్లు లెవ్వు వానికి."

ఆ ఆవులింత నవలలో అట్లాగే పెట్టాను. ఈ పుస్తకాన్ని మెచ్చుకున్న ప్రతి విమర్శకుడూ ఆ ఆవులింతను మెచ్చుకున్నాడు. ఒకాయన దాన్ని "రచయిత్రి సంయమనం" అన్నాడు. సంయమనం నాది కాదు, అవ్వది. కొట్టేసిన చందమామా ఎర్రగా పారిన వాగూ నావి.

ఆ చదువుల్లో ఆమె అన్న మాటలు కొన్ని నోట్‌బుక్ అంచుల్లో ఇంకా ఉన్నాయి. "ఏడిపిద్దామని రాస్తే ఏడుస్తరు. ఏడ్చి చాయ్ తాగుతరు" అని ఒకటి. "మంట ఎట్లుంటదో నాకు చెప్పకు, అండ్ల ఎవలు పోయిండ్రో చెప్పు" అని ఒకటి. అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది. "సచ్చినోళ్లను మరీ అందంగ చేస్తే సంపినోనికి అల్కగైతది." ఇదే మాటను మొన్న సదస్సులో నా సొంత సిద్ధాంతంలా చదివాను. ఆమె పేరు చెప్పలేదు.

చివరి అధ్యాయం మాత్రం ఆమెకు చదవలేదు. కాలేజీలో పరీక్షలున్నాయని తప్పించుకున్నాను. అసలు కారణం వేరు. బావి దగ్గర ఒక పిల్ల, మంటల్లో ఒక పిల్ల, రెండు చావులు పక్కపక్కన పడితే పాఠకుడి దృష్టి చెదురుతుందనుకున్నాను. ఇద్దరినీ ఒక పాత్ర చేస్తే బరువు ఒకచోట నిలుస్తుందని క్లాసులో పిల్లలకు కూడా చెప్పేదాన్ని. లచ్చవ్వ ఊళ్లో అందరికీ తెలిసిన పిల్ల, సంఘం వాళ్లకు నీళ్లు మోసిన పిల్ల. ఆమె బతుకు తీసుకుని దానికి కొమురవ్వ చావు అతికించాను. నూలు కోసం, భయంతో చచ్చిపోవడం మరీ చిన్నగా అనిపించింది. అందుకని పసిపాపను పెట్టాను. అంత చక్కగా అతికిందని మురిసిపోయాను కూడా.

పుస్తకానికి బహుమతి వచ్చింది. సభకు అవ్వను తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టాను, శాలువా కప్పించాను. మాట్లాడిన పెద్దమనిషి చివరి అధ్యాయాన్ని ఏడుస్తూ వివరించాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అవ్వ అడిగింది.

"లచ్చవ్వ బాయికాడ పడ్డది గదా. మంటలకెప్పుడు పోయింది?"

"కథ కోసం అట్లా మార్చిన అవ్వా."

"మరి మా కొమురవ్వేది?"

"ఇద్దరినీ కలిపి ఒక్కరిని చేసిన. కథలల్ల అట్ల చేస్తరు."

"అయితే ఒక్కదానికే నొప్పి అయిందా?"

ఆటో మట్టెవాడ చేరింది. ఆమె శాలువా మడిచి నా ఒళ్లో పెట్టి దిగిపోయింది.

అప్పటి నుంచి ఆమె నాకు వేసిన శిక్ష మీకు క్రూరంగా అనిపించవచ్చు. నా ఇంటికి ఎవరు వచ్చినా, స్టూడెంట్లు గానీ రచయితలు గానీ, పిలిచి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి నన్ను చూపించేది. "మా చెల్లెను మొదాలు దొర మనుషులు సంపిండ్రు. రెండోపారి మా పంతులమ్మ సంపింది." నవ్వుతూ అనేది. వచ్చినవాళ్లు అది పెద్దావిడ చమత్కారమనుకుని నవ్వేవాళ్లు. నేనూ నవ్వాల్సి వచ్చేది. ఇరవై ఏళ్లు నవ్వాను. అదే మనిషి నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పన్నెండు రోజులు జావ కాచి పోసింది. జావ తాగిస్తూ కూడా ఆ మాట మానలేదు.

తెలంగాణ వచ్చాక ఆ ఊళ్లో స్తూపం కట్టారు. పేర్లు ఎక్కడ దొరుకుతాయని వెతికి, రాసిపెట్టిన కాగితం ఇంకేదీ లేక, నా నవలలోంచి తీసుకున్నారు. నల్లరాయి మీద రెండు వరుసలు. ఎంకయ్య, అతని భార్య, తల్లి, మల్లయ్య, లచ్చవ్వ, అందరూ ఉన్నారు. లచ్చవ్వ పేరు పక్కన "పసిబిడ్డ కోసం ప్రాణమిచ్చిన వీరవనిత" అని కూడా ఉంది. కొమురవ్వ లేదు. రెండో వరుస అడుగున ఒక్క పేరు పట్టేంత ఖాళీ మిగిలింది. అవ్వకు చదువు రాదు, ఆ రోజు నన్ను పక్కన నిలబెట్టుకుని ప్రతి పేరు మీదా వేలు పెట్టి చదివించుకుంది. ఖాళీ దగ్గర వేలు ఆపింది. "గీడ పడుతది. చిన్న పేరే" అంది.

స్తూపం కమిటీకి పెద్ద, లచ్చవ్వ తమ్ముడి కొడుకు. మర్యాద తెలిసిన మనిషే, మాకు మజ్జిగ తెప్పించాడు. విషయం విన్నాక నా వైపు తిరిగాడు.

"పుస్తకంల లేదు గదా మేడం."

"నేనే తీసేసిన. నిజంగ ఇద్దరు."

"అంటే మీరు రాసింది అబద్ధమా? మా మేనత్త మంటలకు పోలేదా? మరి మిగతా పేర్లు నిజమని ఏం గ్యారంటీ?"

అక్కడ నేను అవునని చెప్పాలి. మీ మేనత్త బావి దగ్గర చనిపోయింది, అది కూడా అంతే ఘోరం, దానికి పసిపాప అక్కర్లేదు అని చెప్పాలి. కానీ బహుమతి గుర్తొచ్చింది, యూనివర్సిటీలో ఆ నవల పాఠ్యపుస్తకమైన సంగతి గుర్తొచ్చింది. "నవల కదండీ, కొంత కల్పన ఉంటది" అని నీళ్లు నమిలాను. అతను తల ఊపాడు. అవ్వ మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచింది. బస్సులో ఒక్కమాటే అంది. "ఆవులిచ్చినోడు యాదికొచ్చిండు నాకు."

తర్వాత కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను, సంతకం పెట్టి, ఉన్నదున్నట్టు. జవాబు రాలేదు. నవల కొత్త ముద్రణకు చివరి అధ్యాయం మారుస్తానంటే ప్రచురణకర్త, అది మారిస్తే ఇంక పుస్తకంలో ఏముందన్నాడు. నేను గట్టిగా పోట్లాడలేదు. ఏటా పెత్తరమాస నాడు అవ్వ బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంలో పెట్టి చనిపోయిన వాళ్ల పేరుమీద అయ్యగారికి ఇచ్చేది. అందరూ తాతల నాయనల పేర్లు చెప్తారు. అవ్వ ముందు కొమురవ్వ పేరు చెప్పి, తర్వాత ఆ ఊరి పేర్లన్నీ తూర్పు నుంచి పడమటికి చెప్పేది. వెనక నిలబడ్డవాళ్లు ఎంతసేపని విసుక్కునేవాళ్లు.

రెండు నెలల కింద ఆమె దవాఖానలో పడింది. ఊపిరితిత్తుల్లో నీరు. ఆటో నడిపే మనవడు, నేను వంతులవారీగా ఉండేవాళ్లం. ఒక పొద్దున నన్ను దగ్గరికి పిలిచింది.

"నీకొక్కటి చెప్పలే. నూలు సంగతి కొమురవ్వకు యాది లేకుండె. చేన్ల కూసున్నంక నేనే అన్న. నూలు ఏదే, నాయినను సంపుతరు గదనే అన్న. అది లేసి ఉరికింది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వదిలించుకుంది.

"నువ్వు పసిపిల్లను వెట్టి నన్ను తప్పించినవ్. నేను తప్పించుకుంటనని ఎవలన్నరు? నాకు గది గావాలె. ఎట్ల పోయిందో గట్ల గావాలె."

ఇన్నేళ్లూ ఆమె అడుగుతున్నది చెల్లెలి గౌరవమనే నేననుకున్నాను. తన తప్పు కూడా చరిత్రలో తన చోట ఉండాలని అడుగుతోంది. దాన్ని దాచే అలంకారం ఆమెకు అక్కర్లేదు. ఇంత సాహిత్యం చదివాను, తన మీద తాను ఇంత నిర్దయగా నిలబడ్డ మనిషిని పుస్తకాల్లో కూడా చూడలేదు.

ఆ రోజే బస్సెక్కి ఊరికి పోయాను. లచ్చవ్వ తమ్ముడి కొడుకు ముందు అంతా చెప్పేశాను. నేను రాసింది అబద్ధమని ఆ మాటతోనే చెప్పాను. "మా మేనత్త ముచ్చట మార్చెడిది లేదు మేడం. కానీ ఆ కింద జాగల చెక్కిద్దాం. పెద్దామె పానం నిమ్మళమైతది" అన్నాడు. తిరిగి వచ్చి అవ్వకు చెప్పాను. "చెక్కిస్తనన్నడు అవ్వా."

"నిజమా?"

"నిజం."

"పొల్లు మాటలు రాయకుండ్రి అని చెప్పు. పేరొక్కటి సాలు" అంది. ఆ పూట గిన్నెడు జావ తాగింది. ఇంటికి పంపించారు. మూడో వారానికి పోయింది. నేను సదస్సులో ఉన్నాను.

దినాలు అయిన మర్నాడు ఊరి నుంచి మనవడికి ఫోన్ వచ్చింది, మేడంను కూడా తోలుకరమ్మని. ఇద్దరం అతని ఆటోలోనే పోయాం. స్తూపం దగ్గర పాతికమంది ఉన్నారు. రాతి అడుగున తెల్లబట్ట కట్టారు. లచ్చవ్వ తమ్ముడి కొడుకు నన్ను పిలిచి బట్ట తీయమన్నాడు. తీశాను.

అవ్వ పేరు. ఇంటిపేరుతో సహా, మిగతా పేర్లకంటే కాస్త పెద్ద అక్షరాలతో, ఆ రోజు పోయినవాళ్ల వరుసలో.

జనం చప్పట్లు కొట్టారు. నేను అతన్ని పక్కకు పిలిచి ఇదేమిటన్నాను.

"చెల్లె పేరుకు ఆధారం లేదన్నరు మేడం, కమిటీల ఎవరూ ఒప్పుకోలే. అవ్వకైతే ఆధారమెందుకు, అందరికి తెలుసు. మీ పుస్తకం ఆమె చెప్పిందే గదా. ఊరికే గౌరవం."

"కొమురవ్వ పేరు ఎక్కడ పెడతరు మరి?"

అతను వంగి రాయి అడుగు చూశాడు, అక్కడి నుంచి సిమెంటు గద్దె మొదలవుతుంది. "ఇంక జాగ లేదు మేడం" అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది.

ఫోటోలు తీసుకున్నారు, నన్నూ మధ్యలో నిలబెట్టారు. అందరూ చాయ్ దగ్గరికి పోయాక మనవడు ఒక్కడే రాయి ముందు కూర్చుని వాళ్ల నాయనమ్మ పేరు మీద వేలు పెట్టాడు. అక్షరాలకు వేసిన పసుపు రంగు ఇంకా ఆరలేదు. వేలికి అంటుకుంది. కాసేపు దాన్ని చూసి, ప్యాంటుకు తుడుచుకుని, ఆటో తీయడానికి లేచాడు.